షరా గడి

ప్రొఫెసర్ ఫిలిప్‌కి జీవితంలో రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. ఒకటి ఆదివారం ఆరాధనకు సంబంధించింది, దాని జోలికి మనం పోవద్దు. రెండోది నాలుగో పట్టిక.

బాపట్ల నుంచి ఉద్యోగం మీద బెంగళూరు వచ్చి అతనికి పదిహేనేళ్ళయింది. ఒక విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం శాఖలో పొలిటికల్ ఎకానమీ చెబుతాడు. అదేం చదువు సార్ అని మొదటిరోజు పిల్లలడిగితే, "ఎవడి సొమ్ము ఎవడి చేతికి పోతోంది, ఎవడు రాసిన రూలు ప్రకారం పోతోంది, అది కనిపెట్టే చదువు" అని చెప్పేవాడు. పిల్లలకి ఆ మాట నచ్చేది. పరీక్షల్లో కూడా అదే రాసేవారు.

ఇక నాలుగో పట్టిక సంగతి. తొంభైతొమ్మిదిలో దేవనహళ్ళి పక్కన ఐదు ఊళ్ళ భూముల్లో పరిశ్రమల పార్కు ఒకటి పెడతారని వార్త వచ్చింది. రైతు ప్రాణమైనా ఇస్తాడు గానీ మట్టి ఇవ్వడని అప్పటికి పెద్దపెద్ద పండితులంతా రాసిపెట్టారు. ఫిలిప్‌కి ఒళ్ళు మండింది. "రైతుని అడక్కుండానే రైతు మనసు రాసేస్తారు వీళ్ళు" అని, పదకొండు రోజులు ఎండలో తిరిగి, రెండువందల పన్నెండు ఇళ్ళ గడపలు తొక్కాడు. ప్రతి ఇంట్లోనూ ఇరవై ప్రశ్నలు అడిగాడు. అందులో పద్నాలుగోది, న్యాయమైన ధర ఇచ్చి ప్రభుత్వం అడిగితే మీ భూమి ఇస్తారా అని. నూట అరవై ఎనిమిది ఇళ్ళు ఒప్పుకున్నాయి. నూటికి డెబ్బై తొమ్మిది! అతని పుస్తకంలో నాలుగో పట్టిక అదే.

ఆ ఒక్క అంకెతో ఫిలిప్ పేరు మోగిపోయింది. రీడరుగా ఉన్నవాడు ప్రొఫెసరయ్యాడు. ఢిల్లీ సదస్సుల్లో అతని పుస్తకం చేతపట్టుకుని జనం వాదించుకున్నారు. రైతుకి భూమి మీద మమకారం లేదని కాదు, కానీ రైతు లెక్క తెలిసినవాడు, తూచి చూసుకుని ఒప్పుకుంటాడు, అని అతని సిద్ధాంతం. ఏటా పరిశోధనా పద్ధతుల క్లాసులో ఆ పట్టికని పెళ్ళిభోజనంలో లడ్డూలాగా చివర్న, నవ్వుతూ వడ్డించేవాడు.

పార్కు మాత్రం డబ్బుల్లేక ఆరేళ్ళు పడుకుంది. రెండువేల ఐదులో లేచి కూచుంది. విదేశీ బ్యాంకు ఒకటి అప్పిస్తానంది, కాకపోతే ఒక షరతు పెట్టింది. భూమిగలవాళ్ళలో నూటికి డెబ్బై మంది ఇష్టపడి ఇస్తున్నట్టు రుజువు కావాలి. కొత్తగా సర్వే చేయించాలంటే ఏడాది పడుతుంది. భూసేకరణ ఆఫీసులో ఎవరో తెలివైనవాళ్ళు, "యూనివర్సిటీవాళ్ళది ఒకటి ఉంది కదా" అని ఫిలిప్ పుస్తకం బయటికి తీశారు. శుక్రవారం దేవనహళ్ళిలో విచారణ ఉందనీ, వచ్చి ఆ పట్టిక గురించి నాలుగు మాటలు చెప్పమనీ అతనికి ఉత్తరం వచ్చింది. మన చదువు లోకానికి పనికొచ్చిందని ఫిలిప్ పొంగిపోయాడు. ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకునే మంగళవారం క్లాసుకి వెళ్ళాడు.

రెండో బెంచీలో అక్షర అనే పిల్ల కూచునేది. కె.ఆర్.పురంలో నాలుగు తరాలుగా ఉన్న తెలుగువాళ్ళ అమ్మాయి. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడూ కలిపి నమిలి మాట్లాడుతుంది. లడ్డూ వడ్డన పూర్తయ్యాక ఆ పిల్ల చెయ్యెత్తింది.

"సార్, కోడ్ వన్ అంటే ఎస్ అని కదా. జనాలు అసలు ఏ వర్డు చెప్పినారు సార్?"

ఫిలిప్ మొహం వెలిగింది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. "శభాష్. అంకె వెనక మాట ఉంటుంది. ఆ మాట అలాగే రాయించాను నేను." నమూనాకి మూడు ఫారాల్లో పద్నాలుగో ప్రశ్న ఉన్న ముక్క మాత్రం ఫిల్ముల మీద తీయించి ఉంచుకున్నాడు. ప్రొజెక్టర్ మీద పెట్టి గోడ మీద చూపించాడు. ఫారాల్లో చేతిరాత పాపయ్య మేష్టారిది. ఆ వైపు ఊళ్ళలో బడిపంతులుగా చేసి రిటైరైన పెద్దమనిషి. అక్కడ ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, బడిలో రాసేది కన్నడం. ఫిలిప్ తెలుగులో అడిగేవాడు, వాళ్ళ నోట వచ్చిన మాట వచ్చినట్టు పాపయ్య మేష్టారు కన్నడ అక్షరాల్లో రాసేవాడు, పక్కన ఫిలిప్ అంకె వేసేవాడు. అదీ పద్ధతి.

పిల్లలు పైకి చదివారు. మొదటి ఫారంలో, పదిహేడో నంబరు ఇంట్లో, మునివెంకటమ్మ అనే ఆవిడ జవాబు "ఆయ్తప్పా." రెండోదాంట్లో "ఆయ్తు." మూడోదాంట్లో "ఆయ్తు, ఆయ్తు."

"చూశారా, అందరిదీ ఒకటే మాట. ఆయ్తు. సరే అని. మన ఊళ్ళో ఆటోవాడి నుంచి వైస్ ఛాన్సలర్ దాకా అందరూ అనేదే!"

వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకో నలుగురు అందుకున్నారు. అక్షర మాత్రం నవ్వలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమిటమ్మా?"

"ఏం లేదు సార్."

"చెప్పు, పర్లేదు."

"మా అవ్వ ఉండాది సార్. గేటు కాడికి సోపుపొడి అమ్మేవోళ్ళు వస్తారు కదా, వాళ్ళు చెప్పేదంతా వింటాది. విని, ఆయ్తప్పా అంటాది."

"కొంటుందా?"

"ఒక్క దినము కూడా కొనలేదు సార్. అట్ల అంటే, అయిపోయినాది, ఇంక పోయిరా అప్పా అని."

క్లాసంతా ఫెళ్ళున నవ్వింది. ఫిలిప్ కూడా నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగిపోయింది. "అలా కాదు. మల్లేశ్వరం అంటే ఆటోవాడు ఆయ్తు అంటాడు. ఎక్కించుకుని తీసుకుపోతాడు. అది అవునే కదా?"

"ఎక్కించుకుంటాడు కాబట్టి అవును సార్." అక్షర భయపడుతూనే అంది. "మీరు మళ్ళీ ఒకసారి అడిగినారా సార్? ఆయ్తు అంటే ఇస్తారా అని?"

అడగలేదు. ఇంటికి అరగంట, ఇరవై ప్రశ్నలు, తర్వాత పక్క గడప. మళ్ళీ అడిగే తీరిక ఎక్కడిది? పదిహేనేళ్ళుగా పిల్లల్ని ప్రశ్నలతో కుళ్ళబొడిచిన మనిషి, ఒక్క పిల్ల అడిగినదానికి ఫిల్ములు సర్దేసుకున్నాడు. గంట కొట్టకముందే క్లాసు వదిలేశాడు.

ఇంటికి వెళ్ళి సునీతకి చెప్పాడు. భార్య తనవైపు మాట్లాడుతుందని ఆశ. సునీత నర్సింగు స్కూల్లో పాఠాలు చెబుతుంది. కాఫీ కలుపుతూ అంతా వింది.

"ఆపరేషనుకి ముందు పేషెంటు తలూపితే ఒప్పుకున్నట్టు కాదని మా పిల్లలకి మొదటి నెల్లోనే చెప్తామండీ. మీకిప్పుడు ఏం చెయ్యబోతున్నారో మీ మాటల్లో చెప్పండి అని అడగాలి. తలూపేది ఒప్పుకుని కాదు, డాక్టరుగారు త్వరగా పోతారని." గ్లాసు అందిస్తూ అతని మొహం చూసింది. "మీరట్లా అడగలేదా?"

ఫిలిప్ కాఫీ తాగలేదు. ఆవిడ మీద కోపం వచ్చింది, నిజం చెప్పినవాళ్ళ మీద వచ్చే కోపం. అయినా ఒక మూల ఆశ మిగిలే ఉంది. కె.ఆర్.పురం అవ్వ సోపుపొడికి అన్నమాట వేరు, దేవనహళ్ళి రైతులు భూమికి అన్నమాట వేరు కావచ్చు. బుధవారం పొద్దున్నే అక్షరని వెంటబెట్టుకుని బస్సెక్కాడు. పదిహేడో నంబరు ఇంటికి, కోనగుట్టపల్లికి.

మునివెంకటమ్మకి డెబ్బై దాటి ఉంటాయి. ఎకరంన్నర ద్రాక్షతోట. పందిరి కింద గోనెపట్టా పరుచుకుని, కోసిన నీలంద్రాక్ష గెలల్లో చెడ్డవి ఏరి పారేస్తోంది. వచ్చినవాళ్ళని చూసి లేవబోయింది. కూచోమని పట్టా మీద చోటు చూపించి, మంచి గెలలు రెండు ఏరి చెరొకటి చేతిలో పెట్టింది. ఫిలిప్‌ని గుర్తుపట్టలేదు.

ఫిలిప్ సంచిలోంచి ఖాళీ ఫారం ఒకటి తీసి, ఆరేళ్ళ కిందట అడిగినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా పద్నాలుగో ప్రశ్న చదివాడు. ముసలమ్మ చేతిలో పని ఆపి శ్రద్ధగా వింది. అతని మొహం కేసి మర్యాదగా చూసింది.

"ఆయ్తప్పా" అని, మళ్ళీ గెల అందుకుంది.

అక్షర తలొంచుకుంది. ఆరేళ్ళ కిందట కూడా ఇదే గొంతు, ఇదే మర్యాద. అప్పుడు తను సంతోషంగా ఒకటి అంకె వేసి లేచిపోయాడు.

"అవ్వా," అంది అక్షర, "ఆయ్తు అంటివే, అంటే ఇస్తావా?"

"ఏమిచ్చేది పాపా?"

"భూమి."

"అయ్యో! తల కెట్టినాదా నీకి? భూమి ఎవురన్నా ఇస్తారా?"

"మల్ల సార్‌కి ఆయ్తు అని యాల చెప్తివి?"

"ఇంగేమని చెప్పేది?" ముసలమ్మ ఫిలిప్‌ని చూపిస్తూ, అతనక్కడ లేనట్టే మాట్లాడింది. "ఎండలో వచ్చినాడు. మర్యాదస్తుడి మాదిరి ఉండాడు. కాదు అంటే కూచుంటాడు. యాల కాదు, ఎంతిస్తే అవును అని పొద్దంతా కూచుంటాడు. ఆయ్తు అంటే పాపం లేచి పోతాడు. ఇంటికి వచ్చినోళ్ళని మొగాన కొట్టినట్ల ఇయ్యను పో అని ఎట్ల అనేది చెప్పు?"

ఫిలిప్ చేతిలో ద్రాక్షగెల అలాగే ఉంది. ఢిల్లీలో, హైదరాబాదులో, చప్పట్ల మధ్య తను చెప్పిన రైతు తూకం, రైతు లెక్క, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాళ్ళు లెక్క వేసిన మాట నిజమే. లెక్క వేసింది భూమికి కాదు, ఈ మనిషిని ఎట్లా సాగనంపాలా అని! సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

"ముందర కూడా ఒగాయన ఇట్లనే వచ్చె," అంది మునివెంకటమ్మ. "కండ్లద్దాలు పెట్టుకొని. పాపయ్య మేష్టరు ఆయనెంట ఉండె."

"ఆ వచ్చింది నేనేనమ్మా."

"నువ్వా?" కళ్ళు చిట్లించి చూసింది. "అప్పుడు నీకి జుట్టు ఉండె కదప్పా." జాలిపడింది పాపం. "సాయంత్రము నువ్వు బస్సుకి పోయినంక మేష్టరు ఎనక్కి వచ్చి అడిగె. మునివెంకటమ్మక్కా, ఇస్తావా ఇయ్యవా సరిగ్గా చెప్పు అని. ఆయన మా ఊరాయనే కదా, ఆయనకేమి మొగమాటము. ఇయ్యను అంటి. రాసుకొనె."

"ఎక్కడ రాసుకున్నాడు?" ఫిలిప్ గెల కింద పెట్టేశాడు.

"ఆ కాయితములోనే. కడాన."

వెంటనే తిరుగు బస్సెక్కారు. పాపయ్య మేష్టారు పోయి మూడేళ్ళయింది, అడగడానికి మనిషి లేడు. కాయితాలు ఉన్నాయి. డిపార్టుమెంటులో ఇనప బీరువా తెరిచి, రెండువందల పన్నెండు ఫారాలూ బల్ల మీద పోశాడు. ఫారానికి చివర ఒక గడి ఉంది, పైన "షరా" అని అచ్చువేసి. ఏదన్నా ప్రత్యేకంగా రాయాల్సి ఉంటే రాయడానికి ఉంచే గడి. సర్కారు కాయితాల్లో ఉంటుంది కదా అని తనూ పెట్టించాడు, అంతకన్నా దానికి అర్థం లేదు.

ఆ గడిలో సన్నటి రాత ఉంది. కన్నడ అక్షరాలు. పదిహేనేళ్ళు ఆ ఊళ్ళో ఉండి ఫిలిప్ కన్నడం చదవడం నేర్చుకోలేదు, అడిగినవాళ్ళకి రాదని గొప్పగానే చెప్పుకునేవాడు. తెలుగు వచ్చినవాడికి కన్నడ అక్షరాలు ఎంత పని? తలకట్టు కాస్త తేడా, అంతే. కూడబలుక్కుంటే చదవొచ్చు. అక్షర పక్కన నిలబడింది గానీ సాయం అడగలేదతను. వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లాడిలాగా చదివాడు.

ఒ... ప్ప... లే... దు. ఒప్పలేదు.

ఇంకోటి తీశాడు. "మళ్ళీ అడిగితిని. ఇయ్యను అనె." ఇంకోటి. "ఇద్దరు కొడుకులూ వద్దనిరి." "ఒప్పలేదు." "ఏడ్చె. ఒప్పలేదు." "సార్ పోయినంక తిట్టె." తను ఒకటి అంకె వేసిన నూట అరవై ఎనిమిదిలో నూట యాభై ఒక్కదాని చివర, ఆ పెద్దమనిషి రెండోసారి వెనక్కి నడిచివెళ్ళి రాసిన రాత ఉంది. మిగిలినవి పదిహేడు. నూటికి ఎనిమిది మంది.

మొదటిరోజు పాపయ్య మేష్టారు అడిగాడు, "సార్, షరా గడిలో ఏమి రాసేది?" అని. "ఏమీ వద్దు మేష్టారూ, అది కోడింగుకి రాదు, అంకె వెయ్యలేం. షరా మామూలే!" అని తనే జోకేసి తనే నవ్వాడు. ఆఖరిరోజు ఫారాల కట్ట అప్పగిస్తూ ఆయన ఇంకో మాట అన్నాడు. "సార్, షరాలు ఒక మాటు చూడండి." ఫిలిప్ ఏమన్నాడు? "చూస్తాను లెండి" అన్నాడు. ఆ లెండిలో ఉన్నది కాదు అనే మాటేనని ఆయనకి అర్థమయ్యే ఉంటుంది. ఆ నేల మీద పుట్టినవాడు. అందుకే మరి అడగలేదు.

ఫిలిప్ కుర్చీలో కూలబడ్డాడు. తప్పు విన్నాననుకుంటే ఒక దారి, పరాయి ఊరివాణ్ణని సర్దిచెప్పుకోవచ్చు. సరైన జవాబు తన బీరువాలోనే, తన ఫారంలోనే, ఆరేళ్ళుగా రాసి ఉంది. దాని మీద తాళం వేసుకుని తను ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు.

"సార్, నీళ్ళు తాగండి," అంది అక్షర. ఆ పిల్ల ఏడుస్తోందని అతనికి అప్పుడు తెలిసింది.

రాత్రి సునీతకి అంతా చెప్పాడు. "ఉద్యోగం పోతుందా?" అని అడిగింది ఆవిడ.

"ఉద్యోగం పోదు. పేరు పోతుంది."

"అయితే వెళ్ళి చెప్పండి," అంది. "ఆవిడకి పొయ్యేది తోట."

శుక్రవారం విచారణ దేవనహళ్ళిలో ఒక కల్యాణమంటపంలో. వేదిక మీద బల్ల వెనక స్పెషల్ ఆఫీసరు, పక్కన రాసుకునే గుమాస్తా, ముందు మైకు. కింద కుర్చీల్లో ఐదు ఊళ్ళ జనం, కుర్చీలు చాలక నేల మీద ఆడవాళ్ళు. ఫిలిప్ ట్రంకు పెట్టెలో ఫారాలు పట్టుకుని వచ్చేసరికే ఆఫీసరు జనాన్ని ఒకసారి అడిగేశాడు, అందరికీ సమ్మతమేనా, ఎవరికైనా చెప్పేది ఉందా అని. "ఆయ్తు సార్" అన్నారు జనం, ముక్తకంఠంతో. ఆఫీసరు సంతోషించాడు.

ఫిలిప్ మైకు ముందుకి వెళ్ళి, నాలుగో పట్టిక తప్పు అన్నాడు. ఆఫీసరు చేతిలో పెన్ను ఆగిపోయింది. షరా గడి సంగతి, పాపయ్య మేష్టారి సంగతి, నూట యాభై ఒకటి సంగతి అన్నీ చెప్పాడు. ఆఫీసరు చెడ్డవాడు కాదు, ఓపికగా విన్నాడు. విని, బల్ల మీద ఉన్న ఫిలిప్ పుస్తకమే తెరిచి, అడుగున గీత గీసి ఉన్న వాక్యం ఒకటి చదివాడు. "షరా గడిలోని రాతలను లెక్కలోకి తీసుకోలేదు. పేజీ ఇరవై మూడు. ఇది రాసింది మీరే కదా సార్?"

"నేనే."

"మీ లెక్కనే మేం నమ్మాము. షరాలు లెక్కకి రావని మీరే చెప్పి, ఇవాళ షరాలే లెక్క అంటే ఎట్లా? రాసినాయన కూడా లేడు. ఆరేళ్ళనాటి రాత నాకు పనికిరాదు." అతని కన్నడంలో కోపం లేదు, అలసట ఉంది. "నాకు కావాల్సింది భూమిగలవాళ్ళ నోటిమాట. వద్దనేవాళ్ళుంటే ఈ మైకులో వచ్చి వద్దనమనండి, రాసుకుంటాము. ఇందాకే అడిగితిని. ఒక్కరూ రాలేదే!"

తన వాక్యంతోనే తన నోరు మూయించారు. ఫిలిప్ మైకు కొయ్యని పట్టుకున్నాడు. తర్వాత మైకుని జనం వైపు తిప్పాడు.

"అమ్మా, అయ్యా, మీకో మాట చెబుతాను. మీరు ఆయ్తు అంటే వీళ్ళు అవునని రాసుకుంటున్నారు. నేనూ అలాగే రాశాను. నా రాత వల్లే ఇంత దూరం వచ్చింది. ఇవ్వడం ఇష్టం లేకపోతే, ఇవ్వను అని నోరు తెరిచి అనాలి. ఇంక వేరే దారి లేదు."

అవునని రాసుకున్నారా? జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో మునినారాయణప్ప అనే పెద్దాయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, "అంత పెద్ద ఆఫీసరు మనల్ని చూసేకి వచ్చి కూచోని ఉండాడు. మొగం మీదనే ఇయ్యను అనేది ఎట్లప్పా, మర్యాద ఉండాదా?" అని పక్కవాళ్ళని అడిగాడు. పక్కవాళ్ళు తలలూపారు. ఎవరూ లేవలేదు. ఒక నిమిషం గడిచింది. గుమాస్తా పెన్ను మూత పెట్టాడు.

ఆడవాళ్ళలోంచి మునివెంకటమ్మ లేచింది.

మైకు దాకా రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి, ఆఫీసరు మొహం చూడలేక, పక్కనున్న గోడకేసి తిరిగి నిలబడింది. కొంగు చివర చేతికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. రెండుసార్లు నోరు తెరిచింది, మాట రాలేదు. ఆవిడ ఊపిరి మైకులో బుస్సుబుస్సుమని అందరికీ వినిపించింది.

"ఇయ్యను," అంది.

మైకులోంచి ఆ మాట మంటపమంతా మోగేసరికి ఆవిడే ఉలిక్కిపడింది. ఎవరో పరాయివాళ్ళు అన్నట్టు చుట్టూ చూసింది. "మా భూమి ఇయ్యను," అంది మళ్ళీ, ఈసారి నెమ్మదిగా. అని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, అక్కడే నేల మీద చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. గెలిచినదాని ఏడుపు కాదది. ఇంటికొచ్చిన మనిషిని చెయ్యి పట్టి బయటికి నెట్టినదాని ఏడుపు. ఫిలిప్ చూస్తున్నాడు. పరాయివాళ్ళ మొహాన ఈ మాట ఈ మనిషి ఎన్నడూ అని ఉండదు, అనవలసిన అవసరమే లేదు. తను ఒక గడి చదివి ఉంటే చాలు.

తర్వాత మునినారాయణప్ప లేచాడు. తలపాగా చేత్తో పట్టుకునే వెళ్ళి, "నేనున్నూ ఇయ్యను సార్, తప్పుగా తెలుసుకోవద్దండి," అన్నాడు. ఆ పైన వరస కట్టారు. ఒక్కరూ గట్టిగా అనలేదు. ఒకాయన అనేముందు దణ్ణం పెట్టాడు, ఒకావిడ అన్నాక పెట్టింది. సాయంత్రం నాలుగింటికి గుమాస్తా లెక్క చూస్తే నూట నలభై మూడు మంది వద్దన్నారు. ఆఫీసరు కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. డెబ్బై శాతం లేదనీ, బ్యాంకుకి అట్లాగే రాయాలనీ గుమాస్తాకి చెప్పి ఫైలు కట్టేశాడు. ఐదు ఊళ్ళకీ భూమి మిగిలింది, ఆ ఏటికైనా.

జనం కదిలిపోతుంటే మునివెంకటమ్మ ఆఫీసరు బల్ల దగ్గరికి వెళ్ళింది. "నీ మొగం మీద అట్ల అంటినని మనసులో పెట్టుకోవద్దప్పా. నిన్ను కాదు నేను అనింది. మా ఇంటి కాడ ఊట చేసి, రెండు ముద్దలు తిని పోవల్ల నువ్వు," అని బతిమాలింది. ఆఫీసరు చేతులు జోడించాడు.

అక్కణ్ణించి ఫిలిప్ దగ్గరికి వచ్చింది. అతను మోకాళ్ళ మీద కూచుని ఫారాలు పెట్టెలో సర్దుకుంటున్నాడు. లేవబోతే భుజం మీద చెయ్యేసి ఆపింది. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు వాచిపోయాయి.

"ఈ మాట ఆ దినమే నీకి చెప్పి ఉంటే, పాపం నీకి ఇంత బేజారు వచ్చేది కాదు," అంది. "నలుగురి ముందర నువ్వు తల వంచుకోని నిలబడితివి. నేను చెప్పక పోతిని. తప్పు నాదేప్పా."

ఫిలిప్ ఆవిడ మొహం కేసి చూశాడు.

"కాదమ్మా," అన్నాడు. "కాదు."

ముసలమ్మ నమ్మలేదు. అతని భుజం రెండుసార్లు నిమిరి, బస్సుకి టైమవుతోందని వెళ్ళిపోయింది.